బంగారు గోలు

ఆ శనివారం పొద్దున నజీర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ప్యాసింజరు రైలెక్కి పెనుకొండ పోవాలి. మూడూర్ల కప్పు ఫుట్‌బాల్ ఫైనలుకు మైకులో వ్యాఖ్యానం చెప్పాలి. సాయంత్రానికి హిందూపురం తిరిగొచ్చి, తన గడియారాల రిపేరు అంగట్లో స్నేహితుల మధ్య కూర్చుని, తనను తాను టీవీలో చూసుకోవాలి. ఇందులో చెడిపోవడానికి ఏముంది చెప్పండి!

చెడిపోవడానికి నజీర్ ఉన్నాడు. నలభై ఆరేళ్ళ ఆ పెద్దమనిషికి "నాకు తెలియదు" అనే మాట నోరు తిరగదు. ఎవరేమడిగినా ఠక్కున జవాబు చెప్తాడు, అది తప్పయితే ఇంకాస్త గట్టిగా చెప్తాడు. ఊళ్ళో కేబుల్ నడిపే ప్రసాద్ ఆ గట్టితనం చూసే మైకు ఆయన చేతికిచ్చాడు. మూడేళ్ళుగా హిందూపురం, పెనుకొండ, ధర్మవరం జట్లు ఎక్కడ ఆడినా వ్యాఖ్యానం నజీర్‌దే. ఆయన మాట మైదానంలో మైకులో మోగుతుంది, పక్కనే కెమెరా టేపులోనూ పడుతుంది. సాయంత్రం ఆ టేపు మూడూర్ల కేబుల్లోనూ వేస్తారు. ఆ మైకంటే నజీర్‌కు ప్రాణం. అది పోతే తాను ఉత్త గడియారాల నజీరే అని ఆయనకు బాగా తెలుసు.

అది 2002 జూన్. కొరియా, జపాన్లలో ప్రపంచ కప్పు జరుగుతోంది. మ్యాచ్ విరామంలో టీవీలో ఒకామె వచ్చి ఆటను విడమరిచి చెప్పేది. ఆమె కనిపిస్తే చాలు, నజీర్ చెయ్యి రిమోట్ మీదికి పోయేది. అందులో గొంతు నొక్కే బొత్తానికి ఆయన మూగ బొత్తామని పేరు పెట్టాడు. ఆమె పెదాలు ఆడుతుంటే నజీర్ తన సొంత వ్యాఖ్యానం అందుకునేవాడు. పక్కన సోడాలమ్మే కాలేసాబ్ తలూపేవాడు. "ఆడామెకు ఆఫ్‌సైడు ఏం తెలుసబ్బా" అని ఇద్దరూ ఒక సోడా చెరి సగం తాగేవాళ్ళు. ఇంట్లో మాత్రం నజీర్ కూతురు నౌషీన్, డిగ్రీ రెండో ఏడు చదివే పిల్ల, అదే ఆమె చెప్పే ప్రతి మాటా నోటుబుక్కులో రాసుకునేది.

పొద్దున నౌషీన్ తానూ పెనుకొండకు వస్తానంది. పక్కన కూర్చుని ఆటగాళ్ళ పేర్లు అందిస్తానంది.

"మైకు కాడ ఆడపిల్ల కూర్చుంటే చూసేటోళ్ళు మ్యాచ్ అనుకుంటారా, పెండ్లిలో చదివింపులు అనుకుంటారా?" అన్నాడు నజీర్.

ఆయన భార్య జాహెదా అంతకు ముందే మజ్జిగ సీసా కూతురి చేతిలో పెట్టేసింది. అరిచీ అరిచీ ఈయన గొంతు పట్టేస్తుందనీ, మజ్జిగ పోయడానికైనా ఒక మనిషి కావాలనీ చెప్పింది. మజ్జిగ పొయ్యడానికైతే నజీర్‌కు అభ్యంతరం లేకపోయింది.

రైల్లో ఆయన ఫైనలు కరపత్రం తీసి చదివాడు. కింద చివరి వరుసలో "ఎక్స్‌ట్రా టైములో బంగారు గోలు ఉండును" అని అచ్చయి ఉంది. నజీర్ ఆ వరుసను రెండుసార్లు చదివి, తనలో తానే మెచ్చుకోలుగా నవ్వుకున్నాడు. కప్పు పెట్టింది ధర్మవరంలో పట్టుచీరల అంగడి ఉన్న నరసింహులు శెట్టి. జరీలో మునిగి తేలే మనిషి, గోలు కొట్టినోడికి బంగారం పెట్టడా మరి!

"నాయనా, ఆ బంగారు గోలంటే నిన్న టీవీలో ఆమె చెప్పింది గదా..." అని నౌషీన్ మొదలుపెట్టింది.

"ఆమె మాట నేను యాడ విన్నా?" అన్నాడు నజీర్ గర్వంగా. అక్కడితో ఆ సంగతి ముగిసింది. నాలుగేళ్ళ కిందటి ప్రపంచ కప్పులోనూ ఆ రూలుంది, కాని అప్పట్లో ఆటలు అర్ధరాత్రి దాకా సాగేవి, మన పండితుడు తొమ్మిదికే గుర్రు పెట్టేవాడు.

పెనుకొండ మైదానంలో మనుషులు కిటకిటలాడుతున్నారు. హిందూపురానికీ ధర్మవరానికీ ఆట. రెఫరీ దానియేలు, పెనుకొండ బడిలో డ్రిల్లు మాస్టరు. వేదిక మీద పూలదండతో నరసింహులు శెట్టి. వ్యాఖ్యానం బల్ల దగ్గర నజీర్, ఆయన వెనక నేల మీద మజ్జిగ సీసాతో నౌషీన్. ఆట సమయం అయ్యేసరికి చెరొక గోలు. ఇక ఎక్స్‌ట్రా టైము. నజీర్ గొంతు సవరించుకున్నాడు.

"ఇప్పుడు మొదలయ్యేది బంగారు గోలు. ఇందులో గోలు కొట్టినోనికి మన నరసింహులు శెట్టిగారు బంగారం ఇస్తాండారు."

జనం ఈలలు వేశారు. ఎండకు కునుకుతున్న శెట్టికి తన పేరూ, చప్పట్లూ మాత్రమే వినిపించాయి. లేచి నలువైపులా నమస్కారం పెట్టాడు. దాంతో మాట ఖాయమైపోయింది. ఎంత బంగారమని జనంలోంచి ఎవరో అడిగారు. నజీర్‌కు తెలియదు. తెలియదనడం అంతకన్నా తెలియదు.

"తులం" అన్నాడు.

నౌషీన్ వెనకనుంచి నాయన చొక్కా పట్టుకుని లాగింది. నజీర్ వెనక్కి చూడకుండానే మజ్జిగ గ్లాసు కోసం చెయ్యి చాచాడు. పొద్దున కూతురితో తానన్న చదివింపులు ఇప్పుడు తన నోటి నుంచే వస్తున్నాయని ఆయనకు తట్టలేదు. వేదిక మీద పక్కనున్నవాళ్ళు చెవిలో చెప్తే గాని శెట్టికి విషయం బోధపడలేదు. లేదంటే ధర్మవరం పరువు పోతుంది, ఉందంటే తులం పోతుంది. ఆయన మళ్ళీ కూర్చుని, దండలో పూలు ఒక్కొక్కటీ తెంపడం మొదలుపెట్టాడు.

ఆట మొదలైంది గానీ దాన్ని ఆట అనడానికి లేదు. ఒక్కడూ బంతి ఇంకొకడికి ఇవ్వడం లేదు. తులం బంగారం కాళ్ళ ముందు దొర్లుతుంటే పక్కోడికి తన్నే ధర్మాత్ముడెవడు? హిందూపురమోళ్ళు హిందూపురమోళ్ళ దగ్గరే బంతి గుంజుకున్నారు. రెండు వైపుల గోల్‌కీపర్లూ గోలు కాపలా వదిలేసి ముందుకు ఉరికి, మైదానం నడుమ ఒకరినొకరు గుద్దుకుని పడ్డారు. ఆ దుమ్ములో ముగ్గురు ధర్మవరమోళ్ళు కలబడి తన్నిన బంతి, కాపలా లేని హిందూపురం గోలులోకి నింపాదిగా దొర్లుకుంటూ పోయింది.

దానియేలు పొడుగ్గా విజిల్ ఊది, ఆట అయిపోయిందని చేతులు ఊపాడు.

నజీర్‌కు మండింది. గోలు పడితే ఆట ఆపేయడమేమిటి? ఇంకా ఇరవై అయిదు నిమిషాలుంది. "ఈ రెఫరీకి రూలు తెల్దు" అని మైకులో అనేశాడు. అంతే, హిందూపురం జనం మైదానంలోకి దిగారు. వాళ్ళను చూసి ధర్మవరం జనం దిగారు. దానియేలు పరుగెత్తుకొచ్చి వ్యాఖ్యానం బల్ల కింద దూరాడు. గోలు తనదంటే తనదని ముగ్గురు ధర్మవరమోళ్ళు వేదికెక్కి, శెట్టి ముందు మూడు అరచేతులు చాచారు. నజీర్ అందరినీ వెనక్కి పొమ్మని అరవబోయాడు. గొంతు పట్టేసింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

నౌషీన్ మజ్జిగ సీసా కింద పెట్టి, నాయన చేతిలోని మైకు తీసుకుంది.

"బంగారు గోలంటే బంగారం ఇచ్చేది గాదు. ఎక్స్‌ట్రా టైములో ఎవరు ముందు గోలు కొడితే వాళ్ళు గెలిచినట్టే. ఆట ఆడికి నిలిచిపోతాది. ధర్మవరం గెలిచింది. రెఫరీ చేసిందే సరి."

ఒక్క క్షణం అందరూ ఆగారు. తర్వాత ఎవరో, ఆడపిల్లకు ఏం తెలుసని అడిగారు. అవును గదా అని మళ్ళీ కలబడబోయారు. అప్పుడు దానియేలు బల్ల కిందనుంచి తల బయటపెట్టి, మైకందుకుని, ఆ పిల్ల చెప్పిన మాటలే పొల్లుపోకుండా మళ్ళీ చెప్పాడు. ఈసారి జనానికి అర్థమైంది. మగగొంతులో రూలు ఎంత తేటగా ఉంటుందో!

శెట్టి మాత్రం ఎవరు ముందు చెప్పారో మరచిపోలేదు. తులం మిగిలిన సంతోషంతో బల్ల దగ్గరకు వచ్చి నౌషీన్‌కు చేతులు జోడించాడు.

"ఇంతసేపూ యాడుంటివమ్మా?"

"ఈడనే. మజ్జిగ పోస్తాంటి."

అసలు గండం అప్పుడు గుర్తొచ్చింది శెట్టికి. తులం మాట టేపులో ఉంది. సాయంత్రం అది మూడూర్లూ చూస్తే, గోలు కొట్టినోళ్ళు, కొట్టనోళ్ళు, వాళ్ళ బావమరుదులు సోమవారానికి తన అంగడి ముందు ఉంటారు. నజీర్ గొంతు టేపులో ఉండడానికి వీల్లేదని కెమెరా దగ్గరున్న ప్రసాద్‌తో చెప్పాడు. బొమ్మ ఉంచి గొంతు తీసేయవచ్చు గానీ, మూగ మ్యాచ్ ఎవరు చూస్తారన్నాడు ప్రసాద్. నజీర్ సైగలతో తనే మళ్ళీ చెప్తానన్నాడు. "వద్దు సామీ, నువ్వు నోరు తెరిస్తే తులం రెండు తులాలైతాది" అన్నాడు శెట్టి. ముగ్గురూ నౌషీన్ వైపు చూశారు. ఆ పిల్ల నోటుబుక్కు తెరిచింది.

సాయంత్రం హిందూపురంలో గడియారాల అంగడి నిండిపోయింది. పెరుగన్నం తిని, మిరియాల పాలు తాగి, కాస్త గొంతు తెచ్చుకున్న నజీర్ ఒక మూల కూర్చున్నాడు. టీవీలో ఆయన బల్ల ముందు నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు, పిడికిలి బిగించి ఊగిపోతున్నాడు. వినిపించేది మాత్రం నౌషీన్ గొంతు. ఎవరు ఎవరికి బంతి ఇచ్చారో, ఆఫ్‌సైడు ఎందుకైందో వరుసగా, తొందర లేకుండా చెప్తోంది. ఆడగొంతు వినపడగానే కాలేసాబ్ చెయ్యి అలవాటుగా రిమోట్ మీదికి పోయింది. నజీర్ ఆ చెయ్యి పట్టుకుని పక్కకు తీశాడు. తెరమీద అలా ఉత్త పెదాలు ఆడించడం ఎలా ఉంటుందో ఆయనకు ఆ పూటే తెలిసింది.

కాసేపు విని కాలేసాబ్ సోడా కింద పెట్టాడు.

"బలే చెప్తాండాదబ్బా పిల్ల. ఇన్ని రూల్సు దానికి ఎవురు నేర్పినారు?"

నువ్వే కదా అనే మాట అంగడిలో అందరి నోళ్ళలోనూ సిద్ధంగా ఉంది. నజీర్ తలూపితే చాలు. ఆయన టీవీలో మూగగా అరుస్తున్న తన ముఖాన్ని కాసేపు చూశాడు.

"నాకు తెల్దు" అన్నాడు.

ఆయన నోట ఆ మాట రావడం నలభై ఆరేళ్ళలో అదే మొదలు. రికార్డు చేయడానికి మాత్రం అక్కడ కెమెరా లేదు.