సత్యనారాయణపేట రుబ్బురోటి సంగ్రామము

గడపలకు హద్దులను, హద్దులకు దస్తావేజులను, దస్తావేజులకు తగవులను కల్పించి మానవజాతికి తీరుబడి లేకుండ కాపాడుచున్న ఆ రిజిస్ట్రేషను దేవతకు ముందుగా ఒక దండము పెట్టి, బళ్ళారి సీమ మైసూరు రాజ్యమున కలిసిన నాలుగేండ్లకు, హేవిళంబి నామ సంవత్సర శ్రావణ శుద్ధ దశమినాటి ఉదయమున, కోటకొండ బండలు ఇంకను వేడెక్కకమునుపే, సత్యనారాయణపేటలోని ఒక వంటింటి మూలలో జరిగిన ఘోరసంగ్రామమును చెప్పుచున్నాను, వినుడు. ఇందు ఏనుగులు లేవు. గుర్రము ఒక్కటి కలదు. అది జట్కాకు కట్టినది. యుద్ధము జరిగినంతసేపును వీధిలో గడ్డి తినుచుండెను.

ఈ గాథకు నాయకుడు రాజగోపాలయ్య. బ్రూసుపేట బజారులో వక్కల వర్తకుడు, బేరరణరంగభయంకరుడు, అయినను ఇంటి గడప లోపల గొంతెత్తి ఎరుగని శాంతమూర్తి. అంగడికి దగ్గరగా నుండవలెనని ఇతడు బ్రూసుపేట సందులో ఒక చిన్న ఇల్లు కొనుక్కొని, ఇరువది అంకణముల పాత ఇంటిని కోస్తా నుండి వలసవచ్చి కంప్లి కాలువ క్రింద వరి పండించుకొను రైతు సీతారామారావుకు అమ్మెను. ఆ రైతుకు పిల్లలను బళ్ళారి బడులలో చదివించవలెనని కోరిక. జ్యేష్ఠమున దస్తావేజు రిజిస్టరైనది. ఆషాఢమున ఎవరును ఇల్లు మారరు గనుక, స్వాధీనమునకు శ్రావణమున ముహూర్తము పెట్టుకొనిరి. అంతయు సవ్యముగనే జరిగినది. ఒక్క పొరపాటు తప్ప.

ఆ పొరపాటెట్టిదనగా: ఇల్లు అమ్మువాడు తనతో తీసికొనిపోదలచిన వస్తువులను దస్తావేజులో వ్రాయించుకొనవలెను, వ్రాయించనిచో నేలకు, గోడకు అంటియున్న ప్రతి వస్తువును ఇంటితోపాటు కొన్నవానిదగును. ఇది యెరిగిన దస్తావేజు లేఖరి శ్రీనివాసులు, చెవిలో కలము దోపుకొని, రాజగోపాలయ్య వెంట ఇల్లంతయు తిరిగి జాబితా వ్రాసెను. నాలుగు గొలుసుల ఉయ్యాలబల్ల వ్రాయబడెను. దేవుని మందసము వ్రాయబడెను. లాంతరు వ్రేలాడదీయు కొక్కెము సైతము, దాని మేకుతో సహా, వ్రాయబడెను. ఇట్లు దిగ్విజయము చేయుచు వారిరువురును వంటింటి గడప చేరిరి. లోపల ఇల్లాలు వాసవాంబ మడికట్టుకొని వంట చేయుచుండెను. అంగడి బట్టలతో నున్న భర్తగాని, ఆఫీసు బట్టలతో నున్న లేఖరిగాని ఆ గడప దాటిన యెడల వంట మైలపడును, ఆమె మరల తలకు పోసికొనవలెను. కావున శ్రీనివాసులు గడప ఇవతలనే నిలిచి, "వంటిల్లు ఒకటి" అని వ్రాసి, వెనుదిరిగెను. ఆ వంటింటి మూలలో, గచ్చునేలలో మొలలోతు పాతుకొని, నల్లరాతి రుబ్బురోలు ఒకటి ఉండెను. జాబితాలో అది లేదు.

దశమినాటి ఉదయము సామానంతయు జట్కాకెక్కినది. పొయ్యి ఆరినది గనుక మడియు తొలగినది. అప్పుడు వాసవాంబ ఆ రోటి ప్రక్కన చతికిలబడి, రోటిలోని గుండు, అనగా పొత్రము, మీద చేయి వేసి, సామ్రాజ్యములను కదిలింపజాలిన ఈ వాక్యములను పలికెను:

"ఏమండీ, ఇల్లు అమ్మినారు. మీ ఇష్టం. నేను ఒక్క మాటన్నా అన్న్యానా? ఈ రోలు ఈడ ఇడిసిపెట్టి మాత్రం నేను రాను. కాపురానికొచ్చిన కొత్తలో ఆరు నెలలు దీంట్లో తౌడేసి రుబ్బి రుబ్బి గరుకు తీసినా. మీ నాయన దోసె తింటా పండ్ల కింద రాయి పడితే ఏమీ అనకుండా పెరట్లోకి పోయి ఉమిసి వచ్చేవారు. నేను చూసి ఏడ్చేదాన్ని. ఇప్పుడు దోసెలకు నానేసిన ఉద్దిబ్యాళ్ళు దీంట్లో ఏస్తే పిండి ఎన్నపూస మాదిరి వస్తాది. ముప్పై ఏండ్లు పట్టింది దానికి. మళ్ళా ముప్పై ఏండ్లు నాకు యాడుండాయి?"

రాజగోపాలయ్య ఆ మూలకు వచ్చి రోటిని చూచెను. చూచి సిగ్గుపడెను. ముప్పదియేండ్లుగా దాని పిండి తినుచున్నవాడు, ఆనాటివరకు దానిని దగ్గరనుండి చూచి ఎరుగడు. దాని అంచు ఆమె ముంజేయి ఆనుచోట అరిగి నున్నబడియుండెను. తాను లాంతరు కొక్కెమును గుర్తుపెట్టుకొని దీనిని మరచితినిగదా అని అతనికి నిజముగా దుఃఖము కలిగెను. దుఃఖము నుండి రోషము పుట్టెను. రోషము పుట్టినవెంటనే అతడు కౌల్‌బజారునకు మనిషిని పంపి, రోళ్ళు మలచు శిలాభేదనదక్షుడు గాదిలింగప్పను గడ్డపారతో సహా రప్పించెను.

గాదిలింగప్ప పంచె ఎగగట్టి, గడ్డపార ఎత్తి, గచ్చు మీద మొదటి పోటు పొడువబోవు ఆ క్షణముననే, పాలు పొంగించుటకై కొత్త గిన్నెతో, పిడకలతో, సీతారామారావు, అతని భార్య నాంచారమ్మ గృహప్రవేశమునకు వచ్చిరి.

"ఆగండాగండి! ఏందండీ రాజగోపాలయ్యగారూ, మా నేల తవ్విస్తున్నారు?" అని సీతారామారావు కేక పెట్టెను. "పాతిపెట్టిన రోలు ఇంటిది కాదా అండీ? ఇయ్యాల రోలంటారు, రేపు దూలాలంటారు!"

అంతట నాంచారమ్మ పాలగిన్నెను చంకనుండి దించి ముందుకు వచ్చెను. ఆమె గొంతులో కోపము లేదు, భయము కలదు. "వదినగారూ, ఇల్లు చూడ్డానికి వచ్చిన రోజు నేను గదులు చూళ్ళేదండీ. గడప అవతల నుంచి ఈ రోలే చూశా. కంప్లిలో మాకున్నది నేలలో పాతని రోలు. పొత్రం తిప్పినప్పుడల్లా దొర్లిపోద్ది. పదేళ్ళబట్టి కాలితో తొక్కిపట్టుకుని రుబ్బుతున్నా. కొంటే ఈ ఇల్లే కొనాలని మావారితో పోరుపెట్టింది దీనికోసవేనండీ."

ఇది విని వాసవాంబ తల వంచుకొనెను. శత్రువు న్యాయము పలికినప్పుడు యుద్ధము కష్టమగును. అయినను రాజగోపాలయ్య వెనుకకు తగ్గక, ఉత్తరీయము నడుమునకు బిగించి, జన్మలో మొదటిసారిగా ఇంటిలో గొంతెత్తి గర్జించెను:

"రావుగారూ! ఇల్లు అమ్మినాను, ఒప్పుకుంటా. గోడలు మీవి, దూలాలు మీవి, బావి మీది. మా ఆడమనిషి చేతికష్టం మీకు నేను అమ్మలేదప్పా! అది యా దస్తావేజులో రాసుండాదో చూపీండి!"

"వంటిల్లు ఒకటి అని రాసుందిగా!" అని సీతారామారావు ప్రతిగర్జన చేసెను.

ఇట్లు వాగ్బాణములు గడియసేపు నడచినవి. గాదిలింగప్ప ఎత్తిన గడ్డపార ఎత్తినట్లే పట్టుకొని, చేతులు నొచ్చి, దానిని గోడకానించి బీడీ వెలిగించెను. తుదకు ఉభయపక్షములును లేఖరి శ్రీనివాసులు చెప్పినదే తీర్పుగా నుండునట్లు ఒప్పుకొని ఆతనిని పిలిపించిరి. ఆతడు వచ్చి, వంటింటి గడప వద్ద అలవాటుచొప్పున ఆగి, పిదప మడి లేదని గుర్తు తెచ్చుకొని, లోపలికి వచ్చి రోటిని రెండు చేతులతో నెట్టెను. అది కదలలేదు.

"గాదిలింగప్పా, ఎంత లోతుండాది?"

"మొలలోతు ఉండాది సామీ. గచ్చుతో కరిసిపోయింది. పీకల్లంటే పగులుతాది. నేలో, రోలో, యాదో ఒకటి."

శ్రీనివాసులు కన్నులు మూసికొని, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట ఇరువది యేండ్లు కూర్చుండి సంపాదించిన జ్ఞానమునంతయు నాలుకకు తెచ్చుకొని, తీర్పు చెప్పెను. "భూమికి అంటినది స్థిరాస్తి. జాబితాలో రాయలేదు గాబట్టి ఇంటితో పోయింది. రోలు రావుగారిది." నాంచారమ్మ నిట్టూర్చెను. వాసవాంబ రోటి అంచు వదలిపెట్టెను. లేఖరి అంతటితో ఆగక, వంగి, గుండును రెండు చేతులతో పైకి తీసెను. అది సులభముగా వచ్చెను. "ఇది దేనికీ అంటుకోలే. చరాస్తి. చరాస్తి రాసిస్తేనే పోతాది, రాయకుంటే పోదు. గుండు రాజగోపాలయ్యది."

రోలు ఒకరిది, గుండు ఇంకొకరిది. చట్టము ప్రకారము ఇరువురును గెలిచిరి. పిండి రుబ్బుటకు ఎవరికిని వీలులేకపోయెను.

"వేరే పొత్రం పనికిరాదా?" అని సీతారామారావు అడిగెను.

గాదిలింగప్ప పొగ వదలి, "ముప్పై ఏండ్లు ఒకదాన్నొకటి అరగదీసుకున్యాయి సామీ," అనెను. "కొత్త గుండు దీంట్లో కూర్చోదు. ఆ గుండు ఇంకో రోట్లో తిరగదు."

నాంచారమ్మ వాసవాంబ చేయి పట్టుకొని, "పొత్రం కూడా ఇచ్చెళ్ళండి వదినగారూ, మీ పేరు చెప్పుకుని రుబ్బుకుంటా," అని బతిమాలెను. వాసవాంబ భర్త వైపు చూచెను. ముప్పదియేండ్లలో ఆమె ఈ రోలు తప్ప అతనిని ఏదియు కోరి ఎరుగదు. ఇప్పుడు గుండును నోటితో కోరనులేదు. ఆ చూపునకు రాజగోపాలయ్య గుండె చెరువైనది.

"గుండు మాది," అనెను.

"ఒక్క పొత్రం తీసుకెళ్ళి ఏం చేసుకుంటారండీ?"

"ఏం చేసుకునేది మాకూ తెలీదు రావుగారూ. మాదైందానికి తీసుకపోతాం."

అట్లు పలికి, వక్కపొడి పొట్లము కంటె బరువైనదానిని ఎన్నడును ఎత్తి ఎరుగని ఆ వణిగ్వంశవీరుడు, మణుగు బరువైన ఆ కృష్ణశిలాఖండమును ఉత్తరీయముతో చుట్టి, భుజమున కెత్తుకొని, వీధిలోనికి నడచెను. జట్కా అతని పక్కన మెల్లగా సాగెను. ఎండ ముదిరెను. సగము దూరము పోవునప్పటికి అతడు గుండును ఒక భుజము నుండి రెండవ భుజమునకు మార్చెను.

"జట్కాలో పెట్టండి. ఈడ చోటుండాది," అని వాసవాంబ సామాను నడుమ నుండి అనెను.

"సుమ్నే కూసో, మాట్లాడొద్దు," అనెను రాజగోపాలయ్య. "ముప్పై ఏండ్లు నువ్వు తిప్పినావు. ఒక మైలు నేను మోయలేనా?"

వాసవాంబ మొగము అటు తిప్పుకొని కొంగుతో కండ్లు తుడుచుకొనెను. వీధిలో ఎదురైన వర్తకులు ఏమిటిదని అడుగగా, "చరాస్తి," అని మాత్రము చెప్పి అతడు ముందుకు సాగెను.

వారము తిరుగకముందే గాదిలింగప్ప సత్యనారాయణపేటకు ఒకటి, బ్రూసుపేటకు ఒకటి, రెండు కొత్త రోళ్ళు గుండ్లతో సహా మలిచి ఇచ్చి, ఈ యుద్ధమున నిజముగా లాభపడినవాడు తానొక్కడేనని ఎవరికిని చెప్పక ఊరకుండెను.

కావున లోకులారా, ఇల్లు పోయినను, రోలు పోయినను, జాబితా పోయినను, చట్టసమ్మతముగా సగము రుబ్బురోటిని శత్రుమధ్యము నుండి గెలిచి తెచ్చిన రాజగోపాలయ్య విజయము జగద్విదితమగుగాక. ఆ గుండును వాసవాంబ కొత్త ఇంటి వీధి తలుపునకు ఆనించి నిలిపి, ప్రతి శుక్రవారము పసుపు రాసి బొట్టు పెట్టుచుండెను. బళ్ళారి గాలి ఎంత వీచినను ఆ తలుపు ఎన్నడును కొట్టుకొనలేదు.