ఐదు గింజల మోతాదు

ఆ సంతరోజు పొద్దున కాంపౌండరు సర్వేశ్వరరావు వేసుకున్న పథకం చిన్నదే. మధ్యాహ్నానికి పెద్ద డాక్టరుగారు కొండెక్కి వస్తారు. ఆలోగా జనం చేత చలిజ్వరానికి క్వినైను మింగించి చూపించాలి. ఆయన మెచ్చుకుంటే విజయనగరం బదిలీ. నాలుగేళ్లుగా ఈ అరకు కొండల్లో చలికీ, దోమలకీ, తన తెలివి గుర్తించలేని జనానికీ ఓర్చుకుంటున్నాడు మరి.

చిక్కల్లా కొత్త తూకాలతో వచ్చింది. పాత గ్రెయిన్ల రాళ్లు పోయిన వారమే వెనక్కి పంపమంటే పంపేశాడు. బదులుగా గ్రాముల రాళ్లు వచ్చాయి. వాటిలో అతి చిన్నది ఒక గ్రాము. తాఖీదులో మాత్రం మనిషికి పాయింటు మూడు గ్రాము ఇవ్వమని ఉంది.

"గ్రాముకి పదిహేను గ్రెయిన్లు. పాయింటు మూడుతో హెచ్చిస్తే నాలుగున్నర. ఐదనుకో. గ్రెయినంటే ఇంగ్లీషులో గింజ," అన్నాడు.

పొట్లాలు కట్టే రాజులమ్మ తల గోక్కుంది. "ఏటి గింజ బాబూ? సోడిగింజా, వరిగింజా?"

"కంసాలి దేంతో తూస్తాడే? గురివిందతో. పో, కంచె మీది తీగెనుంచి ఐదు గింజలు కోసుకురా."

"ఇంత తిప్పలెందుకు బాబూ. గ్రాము రాయేసి తూసి, మూడు వాటాలు సేసీండి. ఏట మాంసం మేమలాగే పంచుకుంటాం."

"ఇది మందు. మీ వేట మాంసం కాదు."

గురివింద పైన ఎర్రగా నిగనిగలాడుతుంది గాని తన కింద నలుపెరగదు. ఆ గింజ ఒక్కొక్కటీ రెండు గ్రెయిన్లకు దగ్గరగా తూగుతుందని సర్వేశ్వరరావూ ఎరగడు.

ఏడింటికే పొట్లాలు సిద్ధం. ఊరిపెద్ద సోంబరు చేయి చాచలేదు. "నువ్వు ముందు మింగు బాబూ. మేం సూత్తాం."

మింగాడు. వాళ్లూ మింగారు. తర్వాత వచ్చిన ఊరివాళ్లు, "మేం సూడలేదు గదా," అన్నారు. మళ్లీ మింగాడు. మూడో ఊరివాళ్లూ కళ్లారా చూడాలన్నారు.

పదకొండయ్యేసరికి సంతంతా కేకలు. ఎవరి చెవిలో చూసినా తుమ్మెదల రొద.

"గాసీ, నీ సెవుల్లో రొదగుందా?" అని సోంబరు గొంతు చించుకున్నాడు.

"ఎద్దా? అమ్మలేదు," అన్నాడు సంతకి ఎద్దును తోలుకొచ్చిన గాసి అంతకంటే గట్టిగా.

డాక్టరుగారు గుర్రం దిగుతూనే కొట్లాటేమోనని జడుసుకున్నారు. "ఏమిటయ్యా ఈ గోల?"

"పాయింటు మూడండి," అన్నాడు సర్వేశ్వరరావు చేతులు కట్టుకుని.

డాక్టరుగారు త్రాసులోని గురివింద గింజలు చూశారు, రాజులమ్మ చెప్పింది విన్నారు. "క్వినైను ఎక్కువైతే చెవులు హోరెత్తి మొద్దుబారతాయి. రెండు మూడు రోజుల్లో అవే వస్తాయి. ఇవాళ ఇంకెవరికీ ఇవ్వకండి," అన్నారు. గ్రాము రాయి వేసి పొడి తూచి, కత్తితో మూడు వాటాలు చేశారు. "రేపట్నించి ఇలా. తూకం రాజులమ్మ చూస్తుంది."

తర్వాత కాంపౌండరుకేసి జాలిగా చూశారు. పాపం, మనిషి వడిలిపోయాడు. త్రాసు మీద చెయ్యి తీయకుండానే అడిగారు. "విజయనగరం పంపమంటావా, ఇక్కడే ఉంటావా?"

సర్వేశ్వరరావుకి పెదవులు కదలడం కనిపించింది, త్రాసు కనిపించింది. అడిగేది తూకాల సంగతేనని తేల్చేసుకున్నాడు.

"కొత్తది వద్దండి. పాతదే మేలు. అలవాటు పడిపోయాం."

"ఈ కొండల మీద ఇంత మమకారముందని అనుకోలేదు," అంటూ డాక్టరుగారు ఆ మాటే పుస్తకంలో రాసుకుని వెళ్లిపోయారు.

మూడో రోజుకి చెవులు వచ్చాయి. అప్పటికి వినదగ్గ మాట ఒక్కటీ మిగల్లేదు.