మూత ఉన్న మ్యాన్‌హోల్

నగర పౌరుల్లో రోజువారీ భద్రతా స్పృహను ఒక సంస్కృతిగా, వీలైతే వారం రోజుల్లోనే, నిర్మించి తీరతామని మంత్రిగారు సోమవారం ప్రకటించారు. పౌరులకు ప్రాణాల మీద తీపి తగ్గిపోయిందనీ, దాన్ని ప్రభుత్వమే ఇంటింటికీ చేర్చాల్సి వస్తోందనీ ఆయన బాధపడ్డారు. శుభస్య శీఘ్రం కనుక మొదటి సభ శుక్రవారమే, హైటెక్ సిటీ నుంచి ఖాజాగూడకు పోయే ఒక రోడ్డు మీద.

ఆ రోడ్డు ఇంజనీరు ఉదయ్ భాస్కర్ ఏలుబడిలో ఉంది. తణుకు నుంచి వచ్చి కూకట్‌పల్లిలో స్థిరపడిన ఈయన రికార్డుని కన్నబిడ్డలా సాకుతాడు. రోడ్డు పక్కగా ఒక మ్యాన్‌హోల్‌కి మూత లేదు. కానీ మూత వేసినట్టు మార్చిలోనే ఆయన సంతకం పెట్టాడు. మూత ఉన్న మ్యాన్‌హోల్‌కి మళ్ళీ మూత కావాలంటే, మొదటిది ఏమైందని పైవాళ్ళు అడుగుతారు. అడిగితే ప్రమోషన్ పోతుంది. అందుకని ఆయన ఆ గోతివైపు చూడటం మానేశాడు.

చూసే పని లక్ష్మమ్మకు పడింది. అక్కడే బండి మీద ఇడ్లీలు అమ్ముకునే ఈ ముసలామె, వేపకొమ్మకి ఎర్రగుడ్డ కట్టి గోతిలో నిలబెట్టింది. వాన పడి నీళ్ళు నిలిస్తే గరిటె ఊపుతూ, "గటు కాదు సారూ, గోడ పొంటి రా!" అని అరిచేది. ల్యాప్‌టాప్ సంచులవాళ్ళు బుద్ధిగా గోడ వెంటే నడిచేవారు. ఆర్నెల్లలో ఒక్కరూ పడలేదు. ఈ ఘనతకి ఉదయ్ భాస్కర్‌కి 'భద్రతా రత్న' పురస్కారం ఇవ్వాలని నిర్ణయమైంది. సొమ్మొకడిది సోకొకడిది అని కిట్టనివాళ్ళు అంటారు. వాళ్ళకి రికార్డు చదవడం రాదు.

బుధవారం మంత్రిగారి పీఏ ప్రవీణ ఏర్పాట్లు చూడటానికి వచ్చి, కొమ్మ దగ్గర ఆగింది.

"ఇదేంటండీ?"

"కొమ్మండి."

"కనిపిస్తోంది. ఎందుకుందీ అని."

ఉదయ్ భాస్కర్ 'గోతిలో' అనబోయి నాలుక కరుచుకున్నాడు. "రికార్డు ప్రకారం ఇక్కడ గొయ్యి లేదండి."

"గొయ్యి లేనప్పుడు కొమ్మెందుకు? డ్రోన్ షాట్‌లో ఎర్రగుడ్డ పడితే అపోజిషన్ వాళ్ళు వాడుకుంటారు. తీయించెయ్యండి. ఆ ఇడ్లీ బండి కూడా. రోడ్డు మీద స్టవ్వు, సేఫ్టీ వయొలేషన్."

గంటలో కొమ్మ చెత్తకుప్పకీ, బండి బాలానగర్‌లోని యార్డుకీ వెళ్ళిపోయాయి.

"గా బండి లేకుంటె మా ఇంట్ల పొయ్యి ముట్టది సారూ," అంది లక్ష్మమ్మ.

"నీ క్షేమం కోసమేనమ్మా."

"మరి గా గోతికాడ ఎవరుంటరు?"

"ఏ గొయ్యి?" అన్నాడు ఉదయ్ భాస్కర్.

శుక్రవారం సభ బ్రహ్మాండంగా జరిగింది. కంపెనీలు పంపిన వెయ్యిమంది ఉద్యోగులు హెల్మెట్లు పెట్టుకుని కుర్చీల్లో కూర్చున్నారు. కుర్చీలో కూర్చోవడానికి హెల్మెట్ ఎందుకని ఎవరూ అడగలేదు. స్పృహ వచ్చేసిందన్నమాట. "నా ప్రతి అడుగూ చూసి వేస్తాను" అని మంత్రిగారు అందరిచేతా ప్రమాణం చేయించారు. ఉదయ్ భాస్కర్ భుజాల మీద శాలువా పడింది. వెంటనే వాన కూడా పడింది.

అరగంటలో రోడ్డు చెరువైంది. వేదిక ఇవతల, మంత్రిగారి కారు అవతల. ఆయన మెట్టు దిగబోతే శాలువాతో సహా ఉదయ్ భాస్కర్ అడ్డం పడ్డాడు.

"వద్దండి సార్!"

"ఎందుకయ్యా?"

"నీళ్ళండి."

"నీళ్ళు కనవడ్తున్నయ్. నీళ్ళ కింద ఏమున్నది?"

"రికార్డు ప్రకారం ఏమీ లేదండి."

"అయితే నువ్వే ముందు నడు."

ఉదయ్ భాస్కర్ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఇంజనీరే కదలకపోయేసరికి పోలీసులూ కదల్లేదు, వెయ్యి హెల్మెట్లూ కదల్లేదు. కాలక్షేపానికి ప్రమాణం మరో రెండుసార్లు చేయించారు. చివరికి ఉదయ్ భాస్కర్ పీఏ చెవిలో ఏదో ఊదాడు. సైరన్ మోగిస్తూ ఒక జీపు ఖాజాగూడలోని లక్ష్మమ్మ ఇంటికి పోయి, ఆమెను ఎక్కించుకొచ్చి అవతల దించింది. ఆమె గోడ పట్టుకుని తాపీగా ఇవతలికి నడిచొచ్చింది.

"లక్ష్మమ్మగారూ, మీరు కాస్త ముందు నడవాలండి," అన్నాడు ఉదయ్ భాస్కర్. ఆమెను గారూ అనడం అదే మొదలు.

ఆమె చీర ఎత్తి దోపుకుని మంత్రిగారి చెయ్యి పట్టుకుంది. "నేను కాలు ఏస్తున్న కాడనే ఎయ్యి బిడ్డా. ఫికర్ వెట్టుకోకు."

మంత్రిగారి చొక్కా ఉదయ్ భాస్కర్ పట్టుకున్నాడు. ఉదయ్ భాస్కర్ శాలువా ప్రవీణ పట్టుకుంది. వాళ్ళ వెనక వెయ్యి హెల్మెట్లు, గోడ పొంటి. ఒక్కరూ పడలేదు.

మర్నాడు అన్ని పేపర్లలోనూ అదే ఫోటో. కింద, 'వరదనీటిలో చిక్కుకున్న వృద్ధురాలికి చేయూతనిచ్చి దారి చూపిన మంత్రి' అని రాశారు.

సోమవారం లక్ష్మమ్మ ఆ పేపరు పట్టుకుని, అదే రోడ్డు మీదున్న ఉదయ్ భాస్కర్ ఆఫీసుకి వచ్చింది. ఆయన టేబుల్ మీద ప్రమోషన్ ఆర్డరు ఉంది.

"మంత్రి సారుతోని నా ఫోటో వడ్డది సారూ. ఇగ బండి ఇడిపియ్యి. ఐదొద్దులాయె పొయ్యి ముట్టియ్యక. జర సంతకం వెట్టు."

ఉదయ్ భాస్కర్ ఫోటోని శ్రద్ధగా చూశాడు. మంత్రిగారి చొక్కా పట్టుకున్న చెయ్యి తనదే. కింద రాసినది రెండుసార్లు చదివాడు. అచ్చులో పడ్డాక అదీ రికార్డే.

"ఇందులో మంత్రిగారు నీకు దారి చూపిస్తున్నారు లక్ష్మమ్మా," అన్నాడు జాలిగా. "రోడ్డు దాటడమే చేతకాదని పేపర్లో పడ్డ మనిషికి, రోడ్డు మీద బండి పెట్టుకోమని నేనెలా సంతకం పెట్టేది చెప్పు?"

లక్ష్మమ్మ పేపరు మడిచి నెత్తిన పెట్టుకుని బయటికి నడిచింది. పొద్దుట్నుంచి కురుస్తున్న వాన ఇంకా తగ్గలేదు.

ఉదయ్ భాస్కర్ కిటికీలోంచి రోడ్డు చూశాడు. అది మళ్ళీ చెరువైంది. తన కారు అవతల ఉంది. గబగబా ప్యాంటు మడుచుకుని గుమ్మం దగ్గరికి పరుగెత్తాడు.

"లక్ష్మమ్మగారూ! ఒక్క నిమిషం ఆగండి, నేనూ వస్తున్నాను!"