తొమ్మిదేళ్ల తల్లి

“జాగా నీ పేర రాసేద్దామని బయల్దేరాం సరే, తీరా అక్కడికెళ్లాక నేను నేనే కాదు పొమ్మంటే ఏంటే మన గతి?” అంది తల్లి, ఇంకా చెప్పులైనా వేసుకోకుండానే.

“ఎందుకంటారమ్మా? కాగితాలన్నీ ఉన్నాయిగా!” అంది కూతురు. రోడ్డు పక్కనున్న ఆ కాస్త జాగాలో కుట్టుమిషన్ల షెడ్డు వేసుకోవాలని ఆమె ఆశ. నెలాఖరులోగా జాగా చూపించకపోతే బేరమాడి పెట్టుకున్న మిషన్లు ఇంకొకరికి పోతాయి.

మనిషి తనంతట తానే పెరుగుతాడన్నది వట్టి అపోహ. దరఖాస్తు పెట్టుకుంటేనే పెరుగుతాడు. భూముల కార్యాలయంలోని వయోనిర్ధారణ పర్యవేక్షకుడు ఈ సత్యం కనిపెట్టి ఇరవై ఏళ్లయింది. (ఆయనా ఇరవై ఏళ్లుగా అదే కుర్చీలో ఉన్నాడు. దరఖాస్తు పెట్టుకోలేదు.)

ఆయన పాత రిజిస్టరు దుమ్ము దులిపాడు. “ఈ జాగా ఒక మైనరుది. తొమ్మిదేళ్ల ఆడపిల్ల. తండ్రి కొనిపెట్టాడు. మైనరు పేర కొనొచ్చు గానీ, మైనరు ఎవరికీ ఇవ్వకూడదు. పిల్లని తెచ్చారా?”

“ఆ పిల్ల నేనేనండీ. నాకిప్పుడు నలభై ఏడు.”

“మీకు నలభై ఏడేమోనమ్మా, రికార్డుకి తొమ్మిదే. పద్దెనిమిది నిండిన మూడేళ్లలోగా, పెద్దదాన్నయ్యానని రాసివ్వాలి. మీరివ్వలేదు.”

తల్లి వేళ్ల మీద లెక్కేసుకుంది. ఈ లెక్కన తన పెళ్లి చెల్లుతుందా? తొమ్మిదేళ్ల పిల్లకి ఇరవై రెండేళ్ల కూతురేమిటని కేసు పెడితే? నోరు తెరవబోయింది. పర్యవేక్షకుడు గోడమీది బోర్డు చూపించాడు: ‘మైనర్లు కౌంటరు వద్ద మాట్లాడరాదు. సంరక్షకులతో రావలెను.’

మర్నాడు ఎనభై నాలుగేళ్ల సంరక్షకుడు, అంటే ఆమె తండ్రి, చేతికర్రతో సహా హాజరయ్యాడు. మైనరే ఆయన్ని బస్సెక్కించింది, దించింది, మెట్ల మీద చెయ్యి పట్టుకుంది, మఫ్లరు చెవుల మీదికి లాగింది. వెనకాలే వస్తున్న కూతురికి, “నువ్వు మధ్యలో మాట్లాడకు, చిన్నపిల్లవి, నీకేం తెలీదు,” అని మూడుసార్లు చెప్పింది. ఆ తర్వాత నిబంధనల ప్రకారం తనూ నోరు మూసుకుని, కౌంటరు ముందు నేలమీద గీసిన పచ్చగీత అవతల నిలబడింది.

“పెద్దాయనా, సంరక్షకుడి మాటే ఆఖరు. ఒక్కటే ప్రశ్న, ఒక్కసారే అడుగుతాం,” అంటూ పర్యవేక్షకుడు ముద్ర పైకెత్తాడు. “అవునంటే ఇప్పుడే కొట్టేస్తాను. పిల్ల పెద్దదైందా? సొంతంగా నెట్టుకురాగలదా?”

ముసలాయన వెనక్కి తిరిగి కూతుర్ని ఎగాదిగా చూశాడు. ఆమె తలాడించింది. మనవరాలు ఇంకా గట్టిగా ఆడించింది. ముద్ర గాల్లోనే ఉంది. క్యూలో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. పంకా కిర్రుమంటూ తిరిగింది, తిరిగింది, తిరుగుతూనే ఉంది.

చివరికి ఆయన గొంతు సవరించుకున్నాడు.

“ఎక్కడ పెద్దదైంది బాబూ! పొద్దున బస్సు దిగేటప్పుడు కూడా నా చెయ్యి వదల్లేదు.”