కర్ర పాతిన రేకులు

వానలు దిగేలోపు రేకులు తేవాల్సిందేనని ఉమాంగ్ తెల్లవారుతూనే నిశ్చయించుకుంది. వంటింటి కప్పు కారేది సరిగ్గా విత్తనాల వడ్ల బుట్ట మీదే. అవి తడిసి మొలకెత్తితే ఈ ఏడు చేను బీడే. భర్త లాంటింగ్ పది రోజులుగా "రేపు చూద్దాంలే" అంటున్నాడు. సొంతింటి మెట్టు మీద కూడా కర్రతో తట్టి గాని అడుగు వెయ్యని మనిషి. అతను అన్నగారింటికి వెళ్లిన రోజు చూసి, ఆమె ఒంటరిగా పడవ తీసింది.

ఏటి ఎగువన కలప కంపెనీ వదిలేసిన మకాం పొగమంచులో తేలుతోంది. మంచాల మధ్యనుంచి ఫెర్న్ మొక్కలు లేచాయి. తలుపుల్లేని గదుల్లో సీతాకోకచిలుకలు తిరుగుతున్నాయి. పనివాళ్లు లేచి వెళ్లిపోయినా వాళ్ల కలలు ఇంకా అక్కడే నిద్రపోతున్నట్టుంది. ఉమాంగ్ చప్పుడు చెయ్యకుండా నడిచింది. పలకలు తట్టి చూసింది. పాములుంటాయని ప్రతి రేకునూ ముందు కర్రతోనే ఎత్తింది. చాలావరకు వేలు తగిలితే పొడైపోతున్నాయి. చివరి పాకలో మాత్రం ఆరు మంచి రేకులు పేర్చి ఉన్నాయి.

పక్కనే చీల్చిన కర్ర పాతి ఉంది, చీలికలో ఆకు. ఆమె ప్రాణం ఉసూరుమంది. ఎవరో తమదని గుర్తు పెట్టుకున్నారు. ఊరంతా ఒకే కప్పు కింద బతికే ఆ పొడవింటి పదిహేడు గడపల్లో అలాంటిదాన్ని ముట్టుకునేవాళ్లు లేరు. ముట్టుకుంటే పెద్ద ముందు తప్పు కట్టాలి.

పందుల పాక వేస్తానని పక్క గడప జెలియన్ నెలరోజులుగా చెబుతున్నాడు. అతనే అయ్యుంటాడనుకుని ఇంటికి తిరిగొచ్చి, పెట్టనొకదాన్ని చంకన పెట్టుకుని అతని దగ్గరికి వెళ్లింది.

"జెలియన్ అన్నా, మకాంలో నువ్వు గుర్తుపెట్టిన ఆరు రేకుల్లో రెండు ఇప్పించు. నా వడ్లు మునిగిపోతాయి."

జెలియన్‌కి ఏ రేకులో తెలీదు. కోడి మాత్రం కనిపించింది.

"నువ్వు నోరు తెరిచి అడిగితే కాదంటానా చెల్లీ? నువ్వెందుకు శ్రమపడటం, నేనే తెస్తా."

సాయంత్రానికల్లా ఆరూ మోసుకొచ్చి వసారాలో దించాడు. చుట్టూ చేరిన వాళ్లకి వాటిని తానెలా ఏరాడో, కర్ర ఎలా పాతాడో చెప్పుకుపోతున్నాడు. అప్పుడే లాంటింగ్ మెట్లు తట్టుకుంటూ వచ్చి, జెలియన్ ఎడమచేతికున్న నీలం తొడుగు చూశాడు.

"నీ చేతికి ఆ తొడుగెక్కడిది?"

"నాదే. రేకుల కింద పెట్టి మర్చిపోయా."

లాంటింగ్ సంచిలోంచి కుడిచేతి తొడుగు తీశాడు. అదే నీలం, అదే కుట్టు.

"ఆ కర్ర నువ్వే పాతావా? నాకు చెప్పొద్దూ?" ఉమాంగ్ భర్త మీద మండిపడింది.

"ఇంకోసారి పరీక్షించాక చెబుదామని..."

జెలియన్ తప్పు కట్టడానికి బదులు, మర్నాడు ఎండ ఎక్కేలోపే ఆరు రేకులూ తనే ఎక్కి బిగించాడు. మధ్యాహ్నం వాన కురిసింది. బుట్ట మీద ఒక్క చుక్క పడలేదు. లాంటింగ్ వెల్లకిలా పడుకుని ఆ చప్పుడు వింటూ అన్నాడు:

"ఇంకో నాలుగు రేకులకి కర్ర పాతి ఉండాల్సింది. వసారా కూడా జెలియనే కప్పేసేవాడు."