పుల్లవిరుపుకో ఉదాహరణ

నిఘంటువు కార్యాలయంలో ఒక ఉపసంపాదకుణ్ణి చాటుగా నాన్చుడుగారు అంటారు. కిటికీ మూయమని చెప్పడానికి కూడా వాతావరణం దగ్గర మొదలుపెట్టే మనిషి. అలాంటాయన వాటాకే 'పుల్లవిరుపు' అన్న మాట వచ్చిపడింది. అర్థం తేలిగ్గానే కుదిరింది: ఎదుటివాళ్ళు నొచ్చుకుంటారని చూడకుండా ఠక్కున తెంచేసినట్టు మాట్లాడటం. పుట్టుకా రాశాడు: పచ్చిపుల్లను విరిచినా నార పట్టుకుని వేలాడుతుంది, ఎండుపుల్ల ఫట్టున రెండు ముక్కలవుతుంది.

మిగిలింది ఉదాహరణ వాక్యం. దాన్ని సొంతంగా అల్లకూడదని, ఎవరి నోటనైనా చెవులారా విన్నదే రాయాలని ప్రధాన సంపాదకుడి శాసనం. ఆ పని ఇవాళ పూర్తయితే, ఖాళీగా ఉన్న సహాయ సంపాదకుడి కుర్చీ నాన్చుడుగారిదే. దానికోసం ఆయన జుట్టు నెరిసేదాకా కాచుకున్నాడు.

అందుకని పొద్దున్నే భార్యను కాస్త రెచ్చగొట్టి చూద్దామనుకున్నాడు.

"కాఫీ బాగాలేదు," అన్నాడు గుండె చిక్కబట్టుకుని.

ఆమె వచ్చి ఆయన నుదురు తాకి చూసింది. "ఏవండీ, నోరు చేదుగా ఉందా? ఇన్నేళ్ళలో మీరు ఇంత తొందరగా మాట ముగించడం ఇదే మొదటిసారి. నాకేదో భయంగా ఉందండీ!"

"నీ పని చూసుకో."

దాంతో ఆమెకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆయన గుమ్మం దాటగానే ఫోన్ అందుకుంది. "తమ్ముడూ, మీ బావగారు సరిగ్గా మాట్లాడటం లేదు!" తమ్ముడు కంగారులో దాన్ని "నోట మాట రావడం లేదట" చేసి కార్యాలయానికి చేరవేశాడు. అక్కడి గుమాస్తా పక్షవాతమని తేల్చి, ప్రధాన సంపాదకుడి చెవినా వేశాడు.

నాన్చుడుగారు ఈలోగా బస్సు కండక్టరుతో, కొట్టతనితో కావాలని కయ్యానికి దిగి, ఇద్దరి దగ్గరా మర్యాదే మూటగట్టుకుని ఉసూరుమంటూ ఆఫీసు చేరాడు. తన బల్ల మీద బత్తాయిలు, పక్కన కళ్ళు తుడుచుకుంటున్న బావమరిది.

"మాట్లాడకండి బావగారూ! అలిసిపోతారు."

"అబ్బే, అసలు సంగతేమిటంటే, పొద్దున మబ్బుగా ఉందా..."

"పాపం, కలవరిస్తున్నారు," అన్నాడు గుమాస్తా.

ఇద్దర్నీ విదిలించుకుని నాన్చుడుగారు ప్రధాన సంపాదకుడి గదిలోకి పరుగెత్తాడు. "అయ్యా, ఇది కాఫీ దగ్గర మొదలైందండీ, నిజానికి అంతకుముందే..."

ఆయన తలెత్తలేదు. "కుర్చీ వేరేవాళ్ళకిచ్చేశాను. ఇంటికెళ్ళు."

నాన్చుడుగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎన్నేళ్ళ ఆశ! ఆ కళ్ళతోనే బల్ల దగ్గరికి వెళ్ళి, విన్నది విన్నట్టు ఉదాహరణగా రాసి, ఎవరి నోట విన్నాడో కూడా చేర్చి, మళ్ళీ పట్టుకెళ్ళాడు.

ప్రధాన సంపాదకుడు చదివాడు. ముఖం ఎర్రబడింది. కొట్టేద్దామంటే శాసనం తనదే.

"ఇది పుల్లవిరుపు కాదు, స్పష్టత. ఇంకోటి తే, పో!"

"దొరికిందండీ," అన్నాడు నాన్చుడుగారు.

ప్రయత్నం లేకుండా ఆయన ఒక్క ముక్కలో ముగించిన మొదటి మాట అదే.