పొయ్యి మీద బఠాణీలు, రోడ్డు మీద రేసు

ఆ సోమవారం ఉదయం ఇలియమ్ స్కిలికార్న్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మోటార్‌సైకిల్ రేసు కోసం పదింటికి రోడ్డు మూసేస్తారు. ఈలోగా ఎదురింటికి వెళ్లి, బ్రీషా గారి పుడ్డింగ్ గిన్నె తిరిగిచ్చి, తనను పెళ్లి చేసుకోమని అడిగేసి, పొయ్యి మీద బఠాణీల సూప్ ఉడికేలోపు వచ్చెయ్యాలి. అరవై దాటిన ఈ మాజీ బస్సు డ్రైవరు నాలుగేళ్లుగా ఆవిడకు గిన్నెలు తిరిగిస్తూనే ఉన్నాడు, పాపం.

తీరా వెళ్లాక వాన గురించి మాట్లాడాడు. గొర్రెల గురించి మాట్లాడాడు. ధైర్యం కూడగట్టుకుని నోరు తెరిచేసరికి బయట రేసు కాపలా చూసే మార్షల్, రోడ్డు మూసేశామంటూ ఈల వేశాడు. మూసిన రోడ్డు మీద అడుగు పెడితే మా దీవిలో ఎంతటివాడైనా కోర్టు మెట్లెక్కాల్సిందే.

"అయితే సాయంత్రం దాకా ఇక్కడే ఉండాలండీ మీరు," అంది బ్రీషా, పెద్దగా బాధపడకుండా.

"పొయ్యి ఆర్పలేదండీ!"

అరగంటలో ఇలియమ్ వంటింటి కిటికీలోంచి పొగ మొదలైంది. ఆయన గోడ దగ్గరికి పరిగెత్తి అవతల నిలబడ్డ మార్షల్ కెర్మోడ్‌ని కేకేశాడు. బళ్ల మోతలో ఏమీ వినపడక, ముసలాయనకు రేసు పిచ్చి ముదిరిందనుకుని కెర్మోడ్ కూడా ఉత్సాహంగా చెయ్యూపాడు. ఇక లాభం లేదని ఇలియమ్ చేతికందిన బ్రీషా ఆప్రాన్ లాగి ఊపాడు.

అది పసుపుపచ్చది. పసుపు జెండా అంటే ముందు ప్రమాదం ఉందని ఇక్కడ చంటిపిల్లలకూ తెలుసు. రేసుగాళ్లు వేగం తగ్గించారు. తర్వాతి మలుపులోని మార్షల్ తనూ పసుపు ఎత్తాడు. ఈలోగా పొగ రోడ్డంతా కమ్మేసింది. ఎర్రజెండా ఎత్తారు, రేసు ఆగిపోయింది. కెర్మోడ్ తలుపు బద్దలుకొట్టి మాడిన గిన్నె బయటికి తెచ్చాడు.

"భయపడకండి," అని రేడియో దీవి మొత్తానికీ చెప్పింది. "ఇంటి యజమాని ఇలియమ్ గారు ఉదయం నుంచీ ఎదురింటి బ్రీషా గారి దగ్గర క్షేమంగా ఉన్నారు."

ఇలియమ్‌కి తల కొట్టేసినట్టయింది. ఆవిడ పరువు తీశాను, ఇక నా ముఖం కూడా చూడదు అనుకున్నాడు. అంతలో ఫోన్ మోగింది. రామ్సే ఊరి నుంచి బ్రీషా చెల్లెలు.

"ఆఁ, ఇక్కడే ఉన్నాడే," అంది బ్రీషా. "లేదే, ఇంకా అడగలేదు."

ఇలియమ్ నోరు తెరిచాడు. "మీకు... తెలుసా?"

"దీవి అంతా తెలుసు. నాలుగేళ్లుగా వాన కబుర్లు వింటున్నా. ఇప్పుడడుగుతారా, మళ్లీ బళ్లు మొదలయ్యాక అరిచి అడుగుతారా?"

అడిగాడు. సరేనంది. గోడ మీద కూర్చుని ఆవిడిచ్చిన టీ తాగుతున్న రేసుగాళ్లు హెల్మెట్లు చరిచి సందడి చేశారు. అన్నేళ్లు దాచుకున్న మాట పైకొచ్చేసరికి ఇలియమ్‌కి కళ్లలో నీళ్లు తిరిగాయి.

వారం తిరక్కుండా, అనుమతి లేకుండా జెండా ఊపిన నేరానికి ఇలియమ్‌కి కోర్టు నోటీసు వచ్చింది. చిరునామా మాత్రం ఎదురింటిది.